బోడోణ్ని మెచ్చిన నెమళ్లు

2007 వేసవి మొదట్లో నన్ను గోదావరిఖని దగ్గరి ఒక ఓపెన్‌కాస్టు గనికి అటవీ విభాగం అధికారిగా వేశారు. బొగ్గు గనిలో అడవి చదువు చదివినవాళ్లకు పనేమిటని ఇప్పటికీ అడుగుతుంటారు. ఓపెన్‌కాస్టులో బొగ్గు తీయాలంటే ముందు దాని మీదున్న మట్టీ రాయీ ఎత్తిపోయాలి. కాగితాల మీద దాన్ని ఓవర్‌బర్డెన్ అని రాస్తాం, గని మీద అందరూ ఓబీ అంటారు. డంపర్లు ఏళ్ల తరబడి తెచ్చి పోస్తే ఆ ఓబీ గుట్టలవుతుంది. గుట్టను మెట్లు మెట్లుగా పోస్తారు, ఒక్కో మెట్టు ఒక బెంచీ. వానకు మట్టి జారకుండా ఆ బెంచీల మీద చెట్లు పెంచడం నా ఉద్యోగం.

నాకు ముందున్నవాళ్లు పెంచిన పాత గుట్ట ఒకటి అప్పటికే చిన్న అడవిలా ఉండేది. వేప, కానుగ, వాటి కింద తుమ్మపొదలు. అందులో నెమళ్లు చేరాయి. గనిలో బ్లాస్టింగ్ జరిగిన ప్రతిసారీ, ఆ చప్పుడు పూర్తిగా అణగకముందే, గుట్ట మీది నెమళ్లన్నీ ఒక్కపెట్టున అరిచేవి. కొత్తగా వచ్చిన నాకు ఒళ్లు జలదరించేది. గనివాళ్లు తలెత్తి కూడా చూసేవారు కాదు.

ఆ గుట్ట కింద కూడా బొగ్గుంది. గుట్టను మళ్లీ తవ్వి వేరేచోట పోయాలని ఆ ఏడాది నిర్ణయమైంది. సంగతి నాకు మీటింగులో కంటే ముందు రాజేశం నోట తెలిసింది. రాజేశం మా మొక్కలకు నీళ్లు పోసే ట్యాంకర్ డ్రైవరు.

"మేడం, గా పాత గుట్ట తవ్వుతరట గద. నెమిళ్లు గుడ్లు పెట్టే యాళ్ల గిది" అన్నాడు. "నిరుడు అవుతల గుట్టకు డోజర్ పెట్టినప్పుడు చూసిన. గుడ్లన్నీ మట్టిల కలిసినయ్. పెట్ట ఎన్నొద్దులో ఆణ్ణే తిరిగింది. నాకైతే అన్నం సయించలే."

నేను ప్రాజెక్టు ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. గనికి ఆయనే పెద్ద, ఎన్ని టన్నులు వచ్చినా రాకపోయినా పైకి జవాబు చెప్పాల్సింది ఆయనే. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి. "నెమళ్ల కోసం మట్టి తవ్వే షవల్ ఆపానని పైవాళ్లకి ఎలా చెప్పమంటారు మేడం?" అని ముందు నవ్వారు. తర్వాత గోడ మీది మ్యాపు చూసి, తవ్వకం ఉత్తరం వైపు నుంచి మొదలుపెడతానన్నారు. తొలకరి దాకా నెమళ్లుండే బెంచీ జోలికి రానని, ఆ తర్వాత మాత్రం తనను అడగవద్దని చెప్పారు.

అటవీశాఖ రేంజి అధికారిని కలిస్తే, నెమలిని పట్టడానికీ తరలించడానికీ చట్టం ఒప్పుకోదన్నాడు. వాటంతట అవే పోవాలి. పక్కనే పోత పూర్తయిన కొత్త గుట్ట ఉంది, దాన్ని ఎవరూ కదిలించరు. దాని మీద ఒక బెంచీని శుభ్రం చేయించి, చుట్టూ పొదలు ఉంచి, సిమెంటు తొట్టి కట్టించి, రోజూ నీళ్లు నింపించాను. ఒక్క నెమలి రాలేదు.

అప్పుడుగాని నేను నెమళ్లను సరిగా చూడటం మొదలుపెట్టలేదు. మనిషి కనిపిస్తే పొదల్లోకి దూరే ఆ పక్షులు రాజేశం ట్యాంకర్‌కు మాత్రం భయపడేవి కావు. మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే పాత గుట్ట మీద ట్యాంకర్ ఆపించి, క్యాబిన్‌లో కూర్చుని చూసేదాన్ని.

మబ్బు చూసి మురిసి నెమలి ఆడుతుందని చిన్నప్పటి నుంచీ వింటాం. మగ నెమలి ఆడేది పెట్టల కోసం. ఒక్కో మగదానికీ బెంచీ మీద ఒక్కో జాగా. రోజూ అక్కడికే వచ్చి పింఛం విప్పి నిలబడుతుంది. పెట్టలు తీరుబడిగా నడుస్తూ వస్తాయి, ఒకదాని ముందు ఆగుతాయి, ఇంకోదాన్ని చూస్తాయి, గింజలు ఏరుకుంటున్నట్టు నటిస్తాయి. మగది పింఛం మొత్తాన్ని వణికిస్తుంది. ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు ఆ చప్పుడు క్యాబిన్‌లోకి వినిపించేది. అంత ఆర్భాటం చేసినా తీర్పు పెట్టదే. చాలాసార్లు అది తల తిప్పుకుని వెళ్లిపోయేది.

నన్ను పట్టి నిలిపింది మరో విషయం. పెట్టలు మగవాటిని ఎంతగా చూసేవో ఒకదాన్నొకటి కూడా అంతగానే చూసేవి. ఒకటి ఒక మగదాని ముందు కాస్త ఎక్కువసేపు నిలబడితే చాలు, దూరంగా పొదల అంచున ఉన్నవి మెడలు ఎత్తేవి. కాసేపటికి అవీ అటే నడిచేవి. పక్కనే అంతే పింఛం ఉన్న ఇంకో మగది ఎంత వణికినా తిరిగి చూసేవి కావు.

రాజేశానికి ఇది వింతగా తోచలేదు. "పిల్లనిచ్చేటోళ్లు గూడ గంతే గద మేడం. మా తమ్మునికి ఎన్నేండ్లకూ ఒక్క సంబంధం రాలే. ఎవలో ఒక్కలు వచ్చి చూసిపోయిన్రు. ఇగ సూస్కో, లైన్ కట్టిన్రు" అన్నాడు.

ఆ రోజుల్లోనే కొత్త గుట్ట మీదికి ఒక మగ నెమలి వచ్చింది. ఏ కుక్కల నోటి నుంచి తప్పించుకుందో, పింఛం ఒకవైపు సగానికి ఊడిపోయి ఉంది. రాజేశం దాన్ని బోడోడు అనేవాడు. పాత గుట్ట మీద మిగతావి తరిమితే ఇక్కడ చేరింది. తొట్టి పక్కన ఆ అర పింఛాన్నే విప్పి ఉదయం సాయంత్రం ఒంటరిగా ఆడేది. చూడటానికి ఎవరూ లేరు.

వేటగాళ్లు పిట్టల్ని రప్పించడానికి బొమ్మ పిట్టనో పెంపుడు పిట్టనో ముందు పెడతారు. దాన్ని దీమం అంటారు. పట్టడానికి వాడేదాన్ని కాపాడటానికి ఎందుకు వాడకూడదనిపించింది. ఊళ్లో వినాయక విగ్రహాలు చేసే సమ్మయ్య దగ్గరికి రాజేశంతో వెళ్లి, గడ్డితో, కాగితపు గుజ్జుతో మూడు పెట్ట బొమ్మలు కావాలన్నాను. మేస్తున్నట్టు తలలు వంచి ఉండాలన్నాను.

"పింఛం లేని నెమిలిని ఎవలు కొంటరు మేడం?" అన్నాడు సమ్మయ్య.

"కొనడానికి కాదు, నెమళ్లకు చూపించడానికి" అన్నాను. అతను నన్నూ రాజేశాన్నీ మార్చి మార్చి చూసి, రంగులు కలపడానికి కూర్చున్నాడు.

బొమ్మల్ని బోడోడి జాగా చుట్టూ పెట్టి ట్యాంకర్‌లోకి వచ్చి కూర్చున్నాం. వాటిని చూడగానే బోడోడు చేసిన హడావుడి చూసి రాజేశం నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. కొన్నాళ్లు నవ్వడమే మిగిలింది. ఉత్తరం వైపు షవల్ రోజురోజుకూ దగ్గరపడుతోంది. ప్రాజెక్టు ఆఫీసరు ఎదురుపడ్డప్పుడల్లా "మీ బొమ్మల కొలువు ఎందాకా వచ్చింది?" అని అడిగేవారు. ఇంకా ఒక్క పెట్టా రాలేదని చెప్పేదాన్ని.

ఒక ఉదయం బెంచీ అంచున నిజమైన పెట్ట నిలబడి ఉంది. ముందుకు రాలేదు. బొమ్మల్నీ బోడోణ్నీ చూసి వెళ్లిపోయింది. మర్నాడు ఇంకోదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి బొమ్మల పక్కదాకా నడిచింది. బోడోడు ఊడిన వైపు దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు. గుండ్రంగా తిరుగుతూ ఉన్నదంతా చూపించాడు. ఆ పెట్ట జతకు ఒప్పుకుని అతని ముందు కూర్చుంది. రెండోది మెడ సాచి అంతా చూసింది. ఎన్నో పింఛాలు నిండుగా ఉన్న పాత గుట్టను వదిలి, సగం పింఛం వాడి దగ్గరికి అవి రావడం నా కళ్లముందే జరిగింది.

అంతలో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి బొమ్మలు ముద్దయి, రంగులు కారి, నేలకు కరుచుకుపోయి ఉన్నాయి. ఇక అయిపోయిందనుకుని దిగబోతుంటే రాజేశం నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దిగకుండ్రి మేడం. గటు చూడుండ్రి" అన్నాడు గుసగుసగా.

కరిగిన బొమ్మల అవతల నిజమైన పెట్టలు ఐదారు నిలబడి ఉన్నాయి. కొన్నింటిని అంతకుముందు ఇక్కడ చూడలేదు. బొమ్మల అవసరం వాటికి తీరిపోయింది. ఇప్పుడు ఒకదాన్ని చూసి ఒకటి వస్తున్నాయి. రాజేశం స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కదలకుండా ఉండిపోయాడు. సైరన్ మోగింది. మేమిద్దరం దిగలేదు.

తర్వాతది త్వరగా జరిగింది. పెట్టలు ఎటు పోతే మగవి అటే పోతాయి. పాత గుట్ట మీది మగవి ఒక్కొక్కటిగా వచ్చి కొత్త బెంచీ మీద జాగాలు పంచుకున్నాయి. నిండు పింఛాలవి వచ్చాక కూడా కొన్ని పెట్టలు బోడోడి దగ్గరికే వెళ్లడం చూశాను. తొలకరి పడ్డాక, షవల్ వచ్చేముందు, నేనూ రాజేశం మొక్కల కూలీలూ పాత బెంచీని పొద పొదా గాలించాం. గుడ్లు లేవు. ప్రాజెక్టు ఆఫీసరు స్వయంగా వచ్చి ఒకసారి చుట్టూ చూసి, "ఇక మొదలుపెట్టమంటారా?" అని నన్ను అడిగారు. అలా అడగాల్సిన పని ఆయనకు లేదు. మొదలుపెట్టమన్నాను. వానలు ముదిరాక కొత్త గుట్ట మీద పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్న పెట్టలు కనిపించాయి.

ఇది శాస్త్ర ప్రయోగమని నేను చెప్పను. దుమ్ము, చప్పుడు, నీళ్ల తొట్టి, అన్నీ తలా కొంత పనిచేసి ఉండవచ్చు. కొన్ని చేపల్లో, కొన్ని పక్షుల్లో ఆడవి తోటి ఆడవాటి ఎంపిక చూసి తామూ ఎంచుకుంటాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. చదవకముందే చూశాను కనుక నమ్మడానికి కష్టపడలేదు.

నీడ, నీరు, తిండి ఉంటే ప్రాణులు వాటంతటవే వస్తాయని నాకు చదువులో నేర్పారు. అది సగమే నిజం. తమ జాతిది ఒకటి అక్కడ నిశ్చింతగా నిలబడటం వాటికి కనిపించాలి. ప్రత్యేక రాష్ట్రం వచ్చిన ఏడాది రిటైరయ్యేదాకా నేను పనిచేసిన ప్రతి గుట్ట మీదా, చుట్టుపక్కల నుంచి బాగా కనిపించే బెంచీనే ముందు సిద్ధం చేయించాను. మిగతావాటి మీద మొక్కలు ఆ తర్వాతే నాటించాను.