కళ్లు మూసుకునే వందనం

తాళాలాయనకు కోపం వస్తే దుకాణంలో నోరు మెదపడు. చేతిలోని తాళంచెవిని ఆకురాయితో ఇంకాస్త గట్టిగా రుద్దుతాడు. ఆ వారమంతా దుకాణంలో ఒకటే గరగర. కారణం కోడలు.

దుకాణం మీది హాల్లో పొద్దున్నే ఆయన కర్రసాము నేర్పుతాడు. ఒకప్పుడు అక్కడ నిలబడటానికి చోటుండేది కాదు. ఇప్పుడు వచ్చేది మోకాళ్ల నొప్పుల పోస్టుమాస్టరు, ఆయన తమ్ముడూ. సాయంత్రం అదే హాల్లో జూడో నేర్పే కోడలి దగ్గరికి వచ్చేవాళ్లకు మాత్రం చెప్పులు విడవడానికి మెట్లు చాలవు.

భోజనాల దగ్గర రోజూ యుద్ధమే.

"మామయ్యా, మీ విద్య చూడ్డానికి బ్రహ్మాండం. కానీ వీధిలో ఎవడైనా మీదపడితే, ఉండు బాబూ అని కర్ర కోసం ఇంటికొస్తారా?"

"నీ ఆటకి ఈల వేసేవాడు ఉంటాడు కదమ్మా. వీధిలో ఎవరు వేస్తారు?"

"ముందు తినండి, చల్లారిపోతోంది," అనేది ఆయన భార్య. ఆవిడ మాట ఎవరూ వినేవారు కాదు.

ఇంతలో ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు వచ్చింది. డ్యూటీ దిగి చీకట్లో బస్సు దాకా నడిచే అమ్మాయిలకు ఆత్మరక్షణ నేర్పాలట. ఇద్దరి విద్యా చూసి ఒకరిని పెట్టుకుంటుందట. తాళాలాయనకు భయం పట్టుకుంది. ఇదీ కోడలికే పోతే కర్రలు అటకెక్కించాల్సిందే. జీవితమంతా నేర్చింది ఒట్టి ప్రదర్శనేనా అన్న దిగులు ఆయనకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

చూపించే రోజు నర్సులంతా గోడవారగా కూర్చున్నారు. భుజాన బ్యాగు వేసుకుని నిలబడితే దొంగ వచ్చి లాగాలి. దొంగ ఎవరు? పోస్టుమాస్టరు మోకాళ్లు చూసుకున్నాడు.

"నేనున్నానుగా," అంటూ తాళాలాయన భార్య చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

ముందుగా ఆయన బ్యాగు భుజాన తగిలించుకుని, కర్ర చంకలో పెట్టి, చేతులు గుండె ముందు జోడించి, కళ్లు మూసుకుని గురువును తలచుకున్నాడు. కళ్లు తెరిచేసరికి బ్యాగు గుమ్మం దగ్గరుంది, ఆవిడ చేతిలో.

"వందనం అవ్వకుండానే వచ్చేస్తావా!"

"ఆ మాట దొంగకి చెప్పి చూడండి."

కోడలు పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తన వంతు రాగానే అత్తగారి చెయ్యి ఒడిసిపట్టి, నిద్రపోయే పసిపాపను పడుకోబెట్టినంత మెల్లగా పరుపు మీద పడేసి, కదలనివ్వకుండా పట్టేసింది. అత్తగారు పరుపును టపటపా తట్టింది. జూడోలో అది ఓడిపోయాను, వదులు అనే సైగ. ఏళ్ల అలవాటు, కోడలు ఠక్కున వదిలేసింది. అత్తగారు లేచి, బ్యాగు లాక్కుని, మళ్లీ గుమ్మం దాటింది.

నర్సులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "మాకీ దొంగ కావాలి!" అంది హెడ్ నర్సు.

కోడలు మాత్రం మామగారి వైపే చూస్తోంది. "మామయ్యా, ఆ వందనం మళ్లీ పెట్టండి. కళ్లు తెరిచి."

పెట్టాడు. ఆమె ఆయన చేతుల్ని కాస్త విడదీసి అరచేతులు ముందుకి తిప్పింది. "చూశారా? దగ్గరికి రావద్దని చెప్పినట్టూ ఉంది, మొహానికి అడ్డూ ఉంది. మొదటి పాఠం ఇదే. మామయ్యే చెప్తారు."

ఆయన చేతుల్ని అలాగే ఉంచాడు. "రెండోది నువ్వు చెప్పమ్మా," అన్నాడు. "కానీ వాడు తట్టాడని వదలకు. వదిలావో, బ్యాగు వాడిదే."

ఇద్దరినీ పెట్టుకున్నారు. దొంగను కూడా.

ఆ సాయంత్రం ఆయన భార్యను నిలదీశాడు. "ఇన్నేళ్లుగా చూస్తున్నావు. కళ్లు మూసుకోవద్దని ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

"చెబితే మానేస్తారుగా. నోరూ కళ్లూ మూసుకుని మీరు ప్రశాంతంగా కనబడేది ఆ కాసేపే. లేకపోతే రోజూ కాఫీ పట్టుకుని అన్ని మెట్లూ ఎందుకెక్కుతాననుకున్నారు?"



మర్నాడు నర్సుల ముందు తాళాలాయన కళ్లు తెరిచే వందనం పెట్టాడు. పాఠం అయ్యి అందరూ వెళ్లిపోయాక చూస్తే, గుమ్మంలో కాఫీ గ్లాసుతో భార్య. ఆయన మళ్లీ చేతులు జోడించి, ఈసారి తీరిగ్గా కళ్లు మూసుకున్నాడు. కాఫీ చల్లారిపోతోందని ఆవిడ అనలేదు.