గాలికి వీపు తిప్పిన పిట్టలు

బారూదు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. అజీజ్‌నగర్‌లో మా ఇంటి గోడను ఆనుకుని ఒక ఫామ్‌హౌస్ ఉంది. పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే చాలు, పొద్దుగూకకముందే బరాతు మొదలవుతుంది, చెవులు చిల్లులు పడేలా పటాకులు, ఆ పొగంతా మా వంటింట్లోకే. నేను కంచం పక్కకు జరుపుతాను. ఇంత పొగకే అన్నం మానేస్తారా అత్తమ్మా అని కోడలు నవ్వుతుంది. పొగకు కాదు తల్లీ, వాసనకు అని చెబుదామనుకుంటాను, చెప్పను. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో నాకే తెలియదు. మొన్న ఒక పెళ్ళికొడుకు చేత తెల్ల పావురాలను కూడా ఎగరేయించారు. పంజరం తప్ప ఏమీ ఎరగని పిట్టలు, ఎటు పోవాలో తెలియక మా డాబా గోడ మీద వాలి, గాలికి ఎదురుగా ముఖాలు పెట్టి వరసగా కూర్చున్నాయి. వాటికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పరు. పిట్ట అన్నాక గాలికి ఎదురుగానే కూర్చుంటుంది. ఆ ఒక్క మాట మీద మా ఇల్లు గడిచింది, ఆ ఒక్క మాట మీదే కూలింది.

నేను పుట్టి పెరిగింది మొయినాబాద్ దాటాక చేవెళ్ల వైపు, ఈసీ వాగుకు ఇవతల. వాగు దాకా చెలకలే ఉండేవి. వానాకాలం పెసర్లు, కందులు, యాసంగికి జొన్నలు. నడుమ నడుమ పెద్ద పెద్ద రాతికట్టు బావులు, వాటి లోపలి గోడల సందుల్లో లెక్కలేనన్ని పావురాలు. తెల్లవారకముందే బావి గొంతులోంచి వచ్చే గురగుర మోతతోనే మాకు మెలకువ వచ్చేది. జొన్న పాలు పట్టినప్పుడు కంకులు కాల్చి, చేటలో నలిపి, పొట్టు ఊదుకుంటూ తినే ఊచబియ్యం, మూతి చుట్టూ మసి. కోతలయ్యాక మోళ్ళు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నా ఆగని పరుగులు, చొప్పబెండుతో చేసుకున్న ఎద్దుల బండ్లు, కళ్ళద్దాలు. వాగు ఇసుకలో చెలిమె తీసి దోసిట పట్టి తాగిన నీళ్ళు. క్రిస్మస్ దగ్గర పడుతుంటే లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాడిన పాటలు, మా అమ్మ గరిజెలు వేయిస్తుంటే వాకిలి దాకా కమ్మగా వచ్చే నూనె వాసన. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం, నాన్నను బాపు. మా అన్న పేరు ప్రభుదాసు. ఇంట్లో దాసుగాడు.

బాపు పని షికారు పని. చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా, ఆదివారం ఆదివారం పట్నం నుంచి వకీలు సాబు, ఆయన దోస్తులు కార్లేసుకుని పావురాల వేటకు వచ్చేవారు. బందూకులు వాళ్ళవి, మిగతా కష్టమంతా బాపుది. పిట్టలు ఏ చెలకలో మేస్తున్నాయో ముందు నుంచే కనిపెట్టాలి, చొప్పకట్టలతో సాబులు దాక్కునే గుడిసె కట్టాలి, దాని ముందు దీమాలు పెట్టాలి. దీమం అంటే ఎర పిట్ట. బాపు బూరుగు కర్రతో పావురాలను చెక్కి, సున్నంలో మసి కలిపి బూడిద రంగు పూసి, పుల్ల మీద గుచ్చి మోళ్ళ నడుమ నిలబెట్టేవాడు. పైన పోయే గుంపు వాటిని చూసి, మనోళ్ళే మేస్తున్నారు, భయం లేదు అనుకుని దిగేది. అయితే అన్ని దీమాల ముఖాలూ గాలికి ఎదురుగా ఉండాలి. గాలికి వీపు పెట్టినవి నాలుగు కనిపించినా చాలు, గుంపు దగ్గరిదాకా వచ్చి, అక్కడేదో తేడా ఉందని గుర్తుపట్టి, రెక్క మళ్ళించుకుని పోతుంది. మామూలు కంటికి పట్టని తేడా అది. మా ఇంట్లో వాళ్ళకు మాత్రం, తలుపు తీసి ఉందో వేసి ఉందో దూరం నుంచి తెలిసినట్టు తెలిసిపోయేది.

అన్న ఆ పనిలో బాపును మించినవాడు. వేలు తడి చేసి గాలిలోకి లేపి చూసి, చకచకా దీమాలు తిప్పేసేవాడు. నేను ఎదురు మాట్లాడితే చాలు, దీన్ని కూడా పుల్లకు గుచ్చి చెలకలో పెడితే పావురాలేమో కానీ కాకులన్నా వస్తాయని ఏడిపించేవాడు. వేట అయ్యాక సాబులు ఇచ్చిన పిట్టల్ని అవ్వ మిరియాలు, ఎల్లిపాయ దంచి వండితే, బాపు మొదటి ముక్క వాడి కంచంలోనే వేసేవాడు. మా వంశంలో పదో తరగతి దాటినవాడు వాడొక్కడే. పట్నంలో హాస్టల్‌లో ఉండి కాలేజీలో చదువుతున్నాడు. కొడుకున్నాడన్న ధీమా అని అవ్వ మాటిమాటికీ అంటుంటే, ధీమా, దీమం ఒకటే మాట కాబోలు అనుకునేదాన్ని. పిచ్చిదాన్ని.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చింది. మా బడి గోడల మీద బొగ్గుతో జై తెలంగాణ అని రాతలు, చేవెళ్ల రోడ్డు మీద రాళ్ళు, ఒకరోజు బస్సు ఉంటే మూడురోజులు ఉండదు. కాలేజీలు మూసేశారు, అయినా అన్న ఇంటికి రాలేదు. పట్నంలో పోరగాళ్ళను కాలుస్తున్నారని పాలు పోసి వచ్చే సైకిలాయన చెప్పేవాడు. ఉద్యమం ఉద్యమమే, షికారు షికారే; కర్ఫ్యూ లేని ఆదివారాల్లో సాబుల కార్లు వస్తూనే ఉన్నాయి. చెలకలో బందూకు పేలిన ప్రతిసారీ రొట్టె కొడుతున్న అవ్వ చెయ్యి ఆగిపోయేది. పావురాల మీదనే అని తెలుసు. తెలిసీ ఆగిపోయేది. ఇంటికి తెచ్చిన పిట్టల ఈకల్లో బారూదు వాసన పట్టి ఉండేది, ఆ ఏడు ఆమె ఆ మాంసం నోట పెట్టలేదు. మెల్లగా నేనూ మానేశాను.

ఎవరో బస్సు తగలబెట్టారు, ఆ కేసులో మా అన్న పేరు కూడా చేర్చారు. వాడు చేశాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఎక్కడెక్కడో తలదాచుకుంటున్నాడని విన్నాం. చివరికి పాలాయన ఒక కబురు తెచ్చాడు: ఈస్టరు పండుగ పొద్దున ఎట్లయినా ఇంటికి వస్తానన్నాడట. అవ్వ ఆ రోజు నా తల దువ్వుతూ దువ్వుతూ ఏడ్చింది, నవ్వింది. కానీ ఆ కబురు మాకంటే ముందే పోలీసులకు ఎట్లా చేరిందో చేరింది. పండుగకు ముందు శుక్రవారం ఒక జమేదారు, ఇద్దరు జవాన్లు మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చారు.

కొట్టలేదు, తిట్టలేదు. అది ఇంకా భయం. జమేదారు మంచం మీద కూర్చుని, అవ్వ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, అన్నీ ఎప్పటిలాగే జరగాలన్నాడు. పొయ్యి రాజాలి, పొగ లేవాలి, బర్రె వాకిట్లోనే ఉండాలి. వాళ్ళు లోపలి అర్రలో కూర్చుంటారు, ఎవరైనా అరిచినా, సైగ చేసినా బాపును తీసుకుపోతారు. నన్ను చూసి, పాప రోజూ ఏమాడుతుందని అడిగాడు. తొక్కుడుబిళ్ళ అన్నాను. అయితే ఆడుకో అన్నాడు. ఆడుకోమని హుకుం వేస్తే ఆడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒంటికాలి మీద గెంతుతూ, బిళ్ళ గడి దాటిపోతున్నా చూసుకోకుండా, రోడ్డు వైపు చూడకూడదని చూడకుండా, గెంతుతూనే ఉన్నాను. బాపు బావి దగ్గర నా కాళ్ళు కడుగుతూ చాలా నెమ్మదిగా అన్నాడు.

"మనల్నే దీమం పెట్టిండ్రు బిడ్డా."

మర్నాడు బాపు జమేదారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆదివారం సాబులు రావచ్చు, చెలకలో దీమాలు లేకపోతే చూసినవాళ్ళకు అనుమానం వస్తుందన్నాడు. ఎప్పటిలాగే అన్నది జమేదారు మాటే కదా, సరే పొమ్మన్నాడు. సాయంత్రం బాపు గోనెసంచి భుజాన వేసుకుని వెళ్తుంటే నీళ్ళ చెంబు పట్టుకుని అవ్వా, నేనూ వెనకే వెళ్ళాం. ఆ రోజుల్లో మాకు గాలి తూర్పు నుంచి. బాపు వాగు ఒడ్డు నుంచి కనబడే ఎత్తు మీద ఒక్కొక్క దీమాన్నీ గుచ్చుతున్నాడు, అన్నీ పడమటి ముఖంగా. నేను నోరు తెరిచేలోపే అవ్వ బాపు చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరూ గట్టిగా మాట్లాడుకోవడానికి కూడా లేదు, ఇంటి కిటికీ చెలక వైపే.

"వాడు చూసిండంటె తిరిగిపోతడు" అంది అవ్వ.

"పోవాల్ననే. దొరికితె సంపుతరు."

"జైల్ల ఉంటె సద్ది కట్టుకోని పోయి సూసొస్త. కానరాకుంట పోతె ఎవర్నడగాలె నేను? వానికి ఇంకో ఇల్లున్నదా?"

బాపు చివరి దీమం కూడా గాలికి వీపు పెట్టించి గుచ్చి, సంచి దులుపుకుని నడిచాడు. ఎవరిది న్యాయం అని అడిగితే అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. ఇద్దరూ ఒక్క కొడుకు కోసమే కొట్లాడారు.

ఈస్టరు పొద్దున చర్చి గంట కొట్టారు. ఎప్పటిలాగే ఉండాలి కాబట్టి బాపు తెల్లధోతి కట్టుకుని ప్రార్థనకు పోయాడు. అవ్వ పిడకలు ఏరుకొస్తానని చెప్పి నన్ను వెంటబెట్టుకుని చెలకలోకి నడిచింది. దీమాల నడుమ నిలబడి చాలాసేపు వాగు వైపు చూసింది. వంగి, ఒక దీమాన్ని పుల్లతో సహా పీకి తూర్పుకు తిప్పి గుచ్చింది. దాని ముందే కూలబడింది. ప్రభువా, ప్రభువా అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ లేచి, ఆ దీమాన్ని పీకి, బాపు పెట్టినట్టే పడమటికి తిప్పి పెట్టింది. ఖాళీ గంపతో ఇంటికి వచ్చాం. జమేదారు పిడకలేవని అడగలేదు. ఆయనకూ ఒక కూతురు ఉందని, నా ఈడుదేనని, ఆ పండుగ పూట రొట్టె తింటూ చెప్పాడు. ఏం చెయ్యను, ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు నోరు రాదు.

అన్న రాలేదు. ఇంకో రెండు రోజులు చూసి పోలీసులు వెళ్ళిపోయారు. వాళ్ళు మూల తిరిగాక, కల్లు గీసే సాయన్న మా వాకిట్లోకి వచ్చాడు. పండుగ పొద్దున తాటిచెట్టు మీద ఉండగా వాగు అవతల మోదుగుల దగ్గర ఒక పిల్లగాడు కనబడ్డాడట. తెల్ల అంగీ అట. ముఖం ఆనలేదట. వాగులోకి దిగబోయి ఆగాడట, మా చెలక వైపు చూసి, వేలు పైకి లేపాడట.

"జరసేపు కూసున్నడు. లేచి మల్లిపోయిండు" అన్నాడు సాయన్న.

బాపు గోడకు చేరగిలబడి, బతికాడు, నా కొడుకు బతికాడు అని గొణుక్కున్నాడు. అవ్వకు మాత్రం ఒక్క మాటే చెవిన పడింది. కూర్చున్నాడా? కూర్చున్నాడంటే అలిసిపోయాడన్నట్టు కదా, ఎంత దూరం నడిచాడో, ఏమైనా తిన్నాడో లేదో, ఇంటి పొగ కనబడుతుంటే అక్కడి నుంచే మళ్ళిపోయాడే అని సాయన్న కాళ్ళు పట్టుకుని అడిగిందే అడిగింది. ఆయన మాత్రం ఏం చెబుతాడు? అవ్వ అటునుంచి అటే లేచి చెలకకు పరుగెత్తి, దీమాలన్నిటినీ తూర్పుకు తిప్పేసింది.

ఆ తర్వాత ఉద్యమం చల్లబడింది. జైళ్ళలో ఉన్నవాళ్ళు వచ్చారు, దాక్కున్నవాళ్ళు వచ్చారు, మళ్ళీ కాలేజీలకు పోయారు. మావాడు రాలేదు. జైళ్ళ దగ్గర అడిగాం, దవాఖానాల్లో అడిగాం, హాస్టల్ పిల్లల్ని అడిగాం. చూశామన్నవాడు లేడు, పోయాడన్నవాడూ లేడు. బాపు షికారు పని మానేసి కూలికి పోయాడు. అవ్వ మాత్రం పొద్దున్నే చెలకకు పోయి, వేలు తడి చేసి, గాలి చూసి, దీమాల ముఖాలు తిప్పి వచ్చేది. చలికాలమైనా, చెలకలో గింజ లేకున్నా, వానాకాలం పడమటి గాలికి రంగు కరిగిపోయి ఉత్త కర్రముక్కలైనా. దాసుగాడు ఏ పూటైనా వాగు అవతల నిలబడవచ్చు, తలుపు తీసే ఉందని వాడికి తెలియాలి కదా. బాపు ఆమెను ఒక్కనాడూ ఆపలేదు. ప్రాణం పోయేముందు బాపు నన్ను దగ్గరికి పిలిచి, నేను చేసింది తప్పా బిడ్డా అని అడిగాడు. కాదు బాపు అన్నాను. అవ్వ ఆ మాట విని, లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ చెలకలో రిసార్టు ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను లోపలికి పోనివ్వడు. బావులు పూడ్చేశారు, వాటిలోని పావురాలు మెహదీపట్నం అపార్టుమెంట్లకు పోయాయి కాబోలు, అక్కడ బాల్కనీలకు వలలు కడుతున్నారు. జొన్న లేదు, ఊచబియ్యం అంటే మా మనవరాలికి బియ్యంలో ఒక రకమేమో అని అనుమానం. వాగు అవతలి మోదుగులు ఎప్పుడు కొట్టేశారో కూడా నేను చూడలేదు. దీమాల్లో ఒక్కటే మిగిలింది, ముక్కు విరిగింది, రంగు లేదు. మా డాబా మీద తులసి డబ్బాలో పుల్లకు గుచ్చి పెట్టుకున్నాను. అన్న ఉంటే ఎనభైకి దగ్గరపడి ఉంటాడు, ఈ ఇల్లు వాడికి తెలియనే తెలియదు. తెలుసు నాకు, అంత మతిలేనిదాన్ని కాదు. పక్కన పటాకులు ఆగాయి, కోడలు అన్నానికి పిలుస్తోంది. గాలి పడమటికి మళ్ళినట్టుంది. ముందు పైకి వెళ్ళి దీమం ముఖం తిప్పి రావాలి.