నా నోరు, మా బామ్మర్ది కొలువు

మా బామ్మర్దిని నేను కొట్టలేదు, తిట్టలేదు. వాడి మీద పదిమందిని నవ్వించాను, అంతే. వాడు మళ్ళీ గల్ఫ్ విమానం ఎక్కడానికి అది చాలింది.

ఆర్మూర్‌లో హైవే పక్కన మాది పసుపు పాలిష్ షెడ్డు. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు తెస్తారు. డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి నునుపు తేలుతుంది. నేను ఎనిమిదో తరగతిలో బడి వదిలేశాను. నన్ను ఆపడానికి బడి కూడా పెద్దగా కష్టపడలేదు. మార్కెట్ యార్డులో మూటలు మోశాను, ఒక అడ్తి దుకాణంలో కాంటా పట్టాను. సొంతంగా షెడ్డు పెట్టేనాటికి నా దగ్గర ఉన్నవి ఒక పాత డ్రమ్ము, ఒక నోరు. డ్రమ్ము అప్పుడప్పుడు ఆగేది.

రైతు కోపంగా వస్తే నవ్వించి పంపేవాడిని. కూలీలు డీలా పడితే నవ్వించి లేపేవాడిని. మనుషులను నడిపించడమంటే ఇదేననుకున్నాను. ఈమధ్య కొత్తగా పని పెట్టుకునే పిల్లలు వచ్చి "అన్నా, మనుషులతోని పని ఎట్ల జేపియ్యాలె" అని అడుగుతున్నారు. నా షెడ్డు నడుస్తోంది కాబట్టి నాకు తెలుసునని వాళ్ళ నమ్మకం. వాళ్ళకు ఈ సంగతి చెప్పకుండా ఇంకేం చెప్పినా దొంగమాటే అవుతుంది.

బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. గల్ఫ్‌లో ఒక పెద్ద గోదాములో ఫోర్‌మన్‌గా చేశాడు. భాష కలవని మనుషుల చేత పని చేయించినవాడు. సెలవు మీద వచ్చిన రోజు వాడి చిన్న కూతురు వాడిని చూసి తల్లి వెనక దాక్కుంది. రోజూ ఫోనులో "నాయినా" అని పిలిచే పిల్లే. మనిషి ఫోనులోంచి బయటికి వచ్చేసరికి గుర్తుపట్టలేదు. వాడు ఆ పూట అన్నం సరిగా తినలేదు. అదే అదననుకున్నాను.

"గాడ ఎవనిదో గోదాం సక్కవెట్టుడెందుకు? ఈడ మీ బావ షెడ్డు ఆగమాగం ఉన్నది. మేనేజర్‌గా ఉండు" అన్నాను.

"నీ కింద జేస్తే నిలవడుతనా బావా?"

"కింద ఎవడు జెయ్యమన్నడు? పక్కన జెయ్."

వాడు నా మాట మీద ఆగిపోయాడు. తిరిగి వెళ్ళాల్సిన రోజు దాటింది, వీసా పోయింది. కూతురు వాడి బండి ముందు కూర్చుని ఊరంతా తిరగడం నేర్చింది. వాళ్ళ ఇంట్లో ఆ కొలువు విలువ అంతా అదే.

బావ, బామ్మర్దుల మధ్య పరాచికం ఒక హక్కు. నా పెళ్ళిలో వాడు నాకు వడ్డించిన లడ్డూలో పచ్చిమిరపకాయ దాచాడు. నేను వాడి బండి గాలి తీసి, ఎండలో నడిపించుకుంటూ పొమ్మన్నాను. బావ ఒకటంటే బామ్మర్ది రెండనాలి. అలిగినవాడు ఓడినట్టు. ఈ లెక్కలో మా ఇద్దరికీ ఎన్నడూ తేడా రాలేదు. నేను చేసిన తప్పల్లా ఆ లెక్కను షెడ్డులోకి తీసుకురావడం.

మొదటి రోజు వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి అందరినీ నిలబెట్టాడు. చెప్పులు బయట విడవాలన్నాడు. ప్రతి కుప్పలో అడుగున ఉన్న కొమ్మును విరిచి, ఎండిందో లేదో చూడాలన్నాడు. తాను సరేనన్నాకే డ్రమ్ములో పోయాలన్నాడు. అందరూ బుద్ధిగా విన్నారు. మా షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నాలుక దురద పెట్టింది.

"ఇనుండ్రి. షేక్ సాబ్ ఒంటె దిగిండు. ఇగ మనం గూడ చెప్పులు ఇడిసి ఇసుకల నడువాలె" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఒకటన్నాను, రెండు వస్తాయని వాడి వైపు చూశాను. రాలేదు. కొత్త కదా, సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఆనాటి నుంచి వాడి పేరు షేక్ సాబ్. ఏ పని చెప్పినా డ్రమ్ము నడిపేవాడు "షేక్ సాబ్ హుకుం అయ్యింది" అని సలాం కొట్టి, తాపీగా బీడీ ముగించుకుని లేచేవాడు. కొమ్ములు ఏరే ఆడవాళ్ళు "షేక్ సాబ్, ఖర్జూరాలేయి?" అని అడిగేవాళ్ళు. చెప్పులు విడవమంటే నవ్వుతూ చెప్పులతోనే లోపలికి వచ్చేవాళ్ళు. వాడు ఒకసారి గట్టిగా అడిగితే ఒకామె "మీ బావ అంటె పడ్తవు, మేమంటె కోపమొస్తదా?" అంది. నేను అక్కడే ఉన్నాను. నాకా మాట నచ్చింది కూడా.

ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ధర్పల్లి నుంచి ఒక పెద్ద వయసు రైతు ట్రాక్టరు నిండా పసుపు తెచ్చాడు. వాన రాకముందే పాలిష్ చేయించుకుని పోవాలని ఆయన తొందర. బామ్మర్ది కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కొమ్ము తీసి విరిచాడు. అది విరగకుండా వంగింది.

"అడుగుది ఎండలే. గియ్యాల ఎయ్యకుండ్రి. నేను పోయి తాటిపత్రీలు తెస్త, కప్పి ఉంచుదాం" అని డ్రమ్ము మనిషికి చెప్పి వాడు బండి మీద ఊళ్ళోకి వెళ్ళాడు.

నేను గేటు దగ్గర మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను. రైతు రోడ్డు మీద ట్రాక్టరు డ్రైవరుతో కిరాయి మాట్లాడుతున్నాడు, ఆయనకు ఇవేవీ వినబడలేదు. వాడు చెప్పింది నా చెవిన పడింది. ఆ వెనకే డ్రమ్ము మనిషి అన్నది కూడా పడింది: "ఎడారి మనిషి గద, మబ్బును జూస్తె భయం." ఆ మాటకు నాకు చాయ్ పొలమారింది. నేను ఇంకా నవ్వుతుండగానే డ్రమ్ము తిరగడం మొదలైంది. ఆపమని ఒక్క మాట అంటే ఆగేది. ఆ ఒక్కటీ అనలేదు.

బామ్మర్ది తాటిపత్రీలు వెతికి తెచ్చేసరికి సరుకు పాలిష్ అయి ట్రాక్టరు వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు రైతు ఒక బస్తా తెచ్చి మా ముందు కుమ్మరించాడు. ముక్కిపోయిన వాసన, కొమ్ముల మీద బూజు. వ్యాపారి వద్దని పంపేశాడట.

"ఏడాది కష్టం. ఏం జేసిండ్రు మీరు?" అన్నాడు.

డ్రమ్ము మనిషి తల వంచుకున్నాడు. బామ్మర్ది నా వైపు చూశాడు. ఏం జరిగిందో చెప్పాల్సింది నేను. ఎదుటివాడు బాధలో ఉంటే నాకు తెలిసిన మందు ఒకటే.

"ఏం జేస్త కాకా, బామ్మర్దిని మేనేజర్ జేస్తె గిట్లనే ఉంటది. ఎడారిల పసుపు పండుతదా, గీయనకు తెల్వనీకె? కొమ్ము చేతికిస్తె ఖర్జూరం అనుకున్నట్టున్నడు."

రైతు పెదవులు బిగబట్టాడు గానీ ఆపుకోలేకపోయాడు. బామ్మర్ది ముఖం చూసి నవ్వేశాడు. "గిసొంటోన్ని ఏడ దొరికిచ్చుకున్నవయ్యా" అన్నాడు. బస్తాలన్నీ మళ్ళీ ఎండబెట్టి ఇస్తామని ఒప్పుకున్నాను. ఆయన చల్లబడి వెళ్ళిపోయాడు. బామ్మర్ది ఆ కొమ్ములను తనే బస్తాకెత్తుకుని ఎండలోకి తీసుకెళ్ళి పరిచాడు.

ఇంటికి వెళ్ళి నా భార్యకు ఈ కథ గొప్పగా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"మా తమ్ముడు ఎయ్యొద్దని చెప్పిండా, లేదా?"

"చెప్పిండు."

"మరి గా మాట గా ముసలాయనకు ఎందుకు చెప్పలే?"

నేను చేతులు కడుక్కోవడానికి లేచాను. అప్పటికి అన్నం ఇంకా సగమే తిన్నాను.

వాడు ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చాడని ఆమె ద్వారానే తెలిసింది. వాళ్ళింటికి పోతే వాడు కూతురికి జడ వేస్తున్నాడు. ఒక జడ చెవి మీద ఉంది, ఇంకొకటి మెడ మీద.

"పరాచికానికి అలిగి దేశం ఇడిసిపోతరార ఎవలన్న?" అన్నాను.

"అలుగలే బావా."

"మరి ఉల్టా ఒక్క మాట అనకపోయినవ్. నీకు నోరు లేదా?"

"ఇంట్లయితె అననా?" అన్నాడు జడ మీంచి చూపు తిప్పకుండా. "షెడ్డుల నేను నిన్ను ఒకటంటె, ఆళ్ళు రెండంటరు. నిన్ను జూసి నవ్వుడు షురూ జేస్తె షెడ్డు నడుస్తదా? మన ఇద్దర్ల ఒకరి మాటన్న చెల్లాలె గద. నీది చెల్లనీ అని ఊకున్న. కదలకు బిడ్డా."

అన్నాళ్ళూ ప్రతి ఆటా నేనే గెలుస్తున్నాననుకున్నాను. వాడు అసలు ఆడడమే మానేశాడు, అదీ నా కోసం. కొత్తగా పని పెట్టుకునే పిల్లలడిగినప్పుడు నేను చెప్పేది ఇదే: నీ దగ్గర పనిచేసే మనిషి నీ మాటకు నవ్వితే మురిసిపోకు. తిరిగి ఒకటి అనగలడా, చూసుకో. అనలేకపోతే నువ్వాడింది పరాచికం కాదు.

"రేపు షెడ్డుకు రా. తప్పు నాదని అందరి ముందట చెప్త. గప్పుడన్న ఉంటవా?" అన్నాను.

వాకిట్లో గిన్నెలు తోముతున్న వాడి భార్య చెయ్యి ఆపింది. వాడు ఆమె వైపు, పిల్ల వైపు చూశాడు.

"చెప్పు బావా. చెప్తె సూద్దాం."

పొద్దున్నే డ్రమ్ము ఆపించి అందరినీ పిలిచాను. వాడు గేటు దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాను.

"ధర్పల్లి కాక పసుపు ఖరాబైంది మేనేజర్ తోని గాదు. ఎయ్యొద్దని ఆయన చెప్పిండు. నేను ఇన్న. ఇనుకుంట ఊకున్న. తప్పు నాది."

ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డ్రమ్ము మనిషి "ఆఁ, మల్ల?" అన్నాడు. అసలు మాట ఇంకా వెనక ఉందని అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు.

"మల్లేం లేదు. గంతే" అన్నాను.

పగలబడి నవ్వారు. నా మంచి మంచి జోకులన్నీ వాళ్ళు ఇదే ముఖంతో విన్నారు మరి. నిజమే చెప్తున్నానంటే ఇంకా నవ్వారు. చివరికి కోపమొచ్చి అరిచాను. టక్కున ఆగిపోయారు. అది నమ్మి ఆగడం కాదు, జడిసి ఆగడం. ఒకామె ఖాళీ చాట పట్టుకుని కొమ్ములు ఏరుతున్నట్టు నటించింది.

బామ్మర్ది దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "ఊకో బావా. ఆళ్ళదేం తప్పు లేదు" అన్నాడు. ఉంటానని మాత్రం అనలేదు. వీసా వచ్చిన వారంలోనే వెళ్ళిపోయాడు.

వాడు పోయాక ధర్పల్లి వెళ్ళాను. ఆ రైతు ఇంటి ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నువ్వు జెప్పినవు, నీ బరువు దిగింది. నేను గా దినం ఆ పిలగాని మొకం మీద నవ్విన. గది నేనెవలకు జెప్పుకోవాలె?" అన్నాడు చివరికి.

ఫోను తీసి బామ్మర్దికి కలిపి ఆయన చేతికిచ్చాను. రింగు వచ్చి వచ్చి ఆగిపోయింది.

"డ్యూటీల ఉంటడు" అన్నాను.

"మల్ల జెయ్" అన్నాడాయన, ఫోను నా వైపు చాపుతూ.