సాహు మేడమ్ అడిగే ఆధారం

పక్కింట్లో నువ్వుల నూనెలో వెల్లుల్లి వేగుతోంది. కిటికీ మూసినా ఆ ఘాటు గదిలోకి వస్తూనే ఉంది. ఆ ఇంట్లో బాలింత ఉందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ వాసనకు నాకు సాహు మేడమ్ గుర్తుకొస్తారు. ఆవిడ పోయాక ఇది రెండో వేసవి.

రాయపూర్‌లో నేను పోషకాహార శాస్త్రం చదివేటప్పుడు ఆవిడ మా అధ్యాపకురాలు. ఛత్తీస్‌గఢీ మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఫలానాది తింటే ఫలానా జబ్బు తగ్గుతుందని ఎవరైనా అంటే, "ఎవరు చూశారు? ఎంతమందిలో? తినని వాళ్ళకు తగ్గలేదా?" అని అడిగేవారు. నేను వెనక బల్ల మీద కూర్చుని అవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. నన్నే అడిగితే మాత్రం తెలిసిన జవాబు కూడా నోట్లోంచి వచ్చేది కాదు.

ఆ ఏడు వేసవిలో మా అక్క పురిటికి వచ్చింది. నాన్నది రైల్వే ఉద్యోగం, గుఢియారీ దగ్గర క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. కాన్పయ్యాక పథ్యం పెట్టడానికి శ్రీకాకుళం పక్కనున్న మా ఊరి నుంచి మామ్మ దిగింది. అక్కకు పప్పు, కూర లేకుండా వెల్లుల్లి కారంతోనే అన్నం పెట్టేది. నీళ్ళు మాత్రం గొంతు తడిసేంతే ఇచ్చేది. తాగితే బాలింత ఒంటికి నీరు పట్టి ఉబ్బుతుందని ఆవిడ భయం. బయట చూస్తే రాయపూర్ ఎండ. కూలర్‌లో నీళ్ళు పోస్తుంటే అక్క వాటినే చూస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం స్నానానికి లేచి, కళ్ళు తిరిగి గోడకు జారబడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, నీళ్ళు బాగా తాగించమని చెప్పి పంపారు. ఇంటికి రాగానే మామ్మ నీళ్ళ చెంబు తీసి తన మంచం కింద పెట్టుకుంది. అమ్మ అత్తగారికి ఎదురు చెప్పలేకపోయింది.

ఆ సాయంత్రం నేనే ధైర్యం చేశాను. "మామ్మా, ఎన్ని నీళ్ళు తాగితే అన్ని పాలు పడతాయి. ఫోన్ వీడియోలో డాక్టరే చెప్పాడు."

"ఏటే, ఆ డాక్టరు ఎందరికి పురుడు పోసాడేటి?" అంది మామ్మ. "నాను ఆరుగుర్ని కన్నాను. సెంబుల్తో నీళ్ళు తాగీసానా? పో, సదువుకో."

"బస్ కర్ చెల్లీ, ఇక చాలు," అంది అక్క గోడవైపు తిరిగి. "నోరు ఎండిపోతోంది, నన్ను మాట్లాడించకు."

మర్నాడు ఇదంతా సాహు మేడమ్‌కు చెప్పాను. మామ్మ మీద కోప్పడతారనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగారు.

"ఎక్కువ తాగితే పాలు పెరుగుతాయన్నావా? ఎక్కడ చదివావు?"

"వీడియోలో విన్నాను మేడమ్."

"దాహానికి మించి తాగితే పాలు పెరుగుతాయనడానికి సరైన ఆధారం లేదు బేటీ. రేపు మీ అక్క తాగాక కూడా పాలు పెరగకపోతే, ఆ తర్వాత నువ్వు చెప్పే నిజాన్ని కూడా మీ మామ్మ నమ్మదు. దాహాన్ని ఆపకూడదు, ఈ ఎండలో అది తల్లికి ప్రమాదం. మనకు తెలిసింది ఇంతే. ఇంతే చెప్పాలి."

ఆ సాయంత్రమే స్కూటీ మీద మా ఇంటికి వచ్చారు. మామ్మకు హిందీ రాదు, మేడమ్‌కు తెలుగు రాదు. మధ్యలో నేను. పాఠం చెబుతారనుకుంటే, మామ్మ మంచం పక్కన కూర్చుని ఒకటే అడిగారు: "నీళ్ళిస్తే ఏమవుతుందని మీ భయం? మీరేం చూశారు?"

మామ్మ మంచం కిందున్న చెంబు ఇంకాస్త లోపలికి తోసింది. తర్వాత చెప్పింది. "మా సెల్లి బాలింతప్పుడు దాహం, దాహం అని గెడ్డలో పారే నీళ్ళు తాగీసింది. జొరమొచ్చి పోయింది. అప్పట్నించి మా అమ్మ ఏ బాలింతకీ నీళ్ళివ్వనిచ్చీది కాదు."

దాన్ని హిందీలో మేడమ్‌కు చెప్పాను. "ఆ నీళ్ళంటే నేనూ భయపడేదాన్నే," అన్నారు మేడమ్. "మా ఇళ్ళలో బాలింతకు కాంకే పానీ ఇస్తారు. మూలికలు, బెల్లం వేసి బాగా మరగకాచిన నీళ్ళు."

"మరగకాస్తారా?" మామ్మ కాస్త ముందుకు జరిగింది.

"మూలికల వల్ల ఏం మేలో నాకు తెలియదమ్మా. మరిగిస్తే నీళ్ళలో క్రిములు చస్తాయి. అది మాత్రం తెలుసు."

"మరి ఒంటికి నీరు పడితే?"

"రోజూ మీరే కాళ్ళు నొక్కి చూడండి. గుంట పడినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అప్పుడిక నా మాట వినకండి."

మామ్మ నా వైపు చూసి, "ఈయమ్మ తెలీంది తెలీదంటాదే," అంది. లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టి, తన తృప్తికి కాస్త వాము వేసింది. చల్లారాక గ్లాసు తనే అక్కకు పట్టింది.

"మెల్లిగా తాగే గుంటా, ఎవులూ లాక్కోరు."

"లాక్కుంది నువ్వే కదే మామ్మా," అంది అక్క, గ్లాసు దించకుండానే.

ఆ తర్వాత మామ్మ రోజూ పొద్దున్నే అక్క కాళ్ళు నొక్కి చూసేది. గుంట పడలేదు. పాలు పెరిగాయా అంటే చెప్పలేను. అక్క లేచి తిరిగింది. కొన్నాళ్ళకు మామ్మే విస్తట్లో పప్పు కూడా వడ్డించింది.

ఇప్పుడు నేను రాయపూర్‌లోనే ఒక ఆసుపత్రిలో ఆహార సలహాలు చెబుతాను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఇప్పటికీ భయమే. మొన్న సిల్తారా ఉక్కు కర్మాగారంలో పనిచేసే తెలుగాయన వచ్చాడు. కోదో బియ్యం, అంటే మన అరికెలు, తింటే షుగర్ మాత్ర అక్కర్లేదని వాట్సాప్‌లో చూశాడట.

"కోదో తినండి, మంచి గింజే. మాత్ర మానేయొచ్చు అనడానికి మాత్రం నాకు ఆధారం దొరకలేదు," అన్నాను.

"దొరకలేదంటే? లేదనా, మీకు తెల్దనా?"

ఒకప్పుడైతే ఆ ప్రశ్నకే నా మాట ఆగిపోయేది. "వెతికాను, దొరకలేదు. రేపు దొరికితే నేనే ఫోన్ చేసి చెబుతాను. అందాకా డాక్టరు చెప్పినట్టే వేసుకోండి."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మాత్ర మానేసి చాలా రోజులైందని చెప్పాడు. నేను తప్పుపట్టకుండా లేచి, ఆయనను డాక్టరు గదికి తీసుకెళ్ళాను.