రాఘన్న సెప్తాండాడు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పదిహేనేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాను. ఏది తప్పుగా జరిగినా ఏదో ఒక లైనులో కారణం దొరికి తీరుతుందని మొండిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు రాయబోయేదానికి మాత్రం ఆ లైను దొరకలేదు.

మాది ఆదోని. పగలంతా కంపెనీ పని, ఖాళీ దొరికితే నా సొంత పిచ్చి. దాని పేరు 'మాటామంతీ'. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకునే చిన్న సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, కోడ్ చూసి మార్చుకోవచ్చు. మధ్యలో సర్వర్ ఉండదు. రెండువైపులా విండో తెరిచి ఉంటేనే మాట చేరుతుంది. పాత మాటలు ఎక్కడా దాచదు. ఇవన్నీ నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

వాడేవాళ్లు తక్కువే. అందరికంటే ముందు వాడినవాడు ఎమ్మిగనూరు రాఘన్న. బడిలో లెక్కల టీచరు, నాకంటే పదేళ్లు పెద్ద. మెనూల్లో మాటలన్నీ తెలుగులో పెట్టింది ఆయనే.

అవతలి మనిషి టైప్ చేస్తుంటే మన తెర మీద, పేరు పక్కన చిన్న లైను వస్తుంది. దానికి రాఘన్న పెట్టిన మాట 'సెప్తాండాడు'. నాకు తల కొట్టేసినట్టయింది.

"అందరూ వాడేది ఇది. నవ్వుతారన్నా" అన్నాను ఫోనులో.

"నవ్వనీలేప్పా. మనం సెప్తాండాడనే కదా అంటాం? ఆడోళ్లకు సెప్తాండాది అని ఇంకోటి పెట్టు, పనైపాయ."

ఆయనకు చెప్పకుండానే 'రాస్తున్నారు' అని మార్చి కొత్త వెర్షన్ వదిలేశాను. మర్నాడు సాయంత్రం ఆయన పేరు పక్కన 'రాస్తున్నారు' అని వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది. తిట్ల దండకం వస్తుందనుకుని విండో మూసేశాను. ఆయన పంపిందేదైనా ఉంటే అక్కడితో పోయినట్టే. పంతం కొద్దీ ఫోను కూడా చేయలేదు.

వారం తిరక్కుండా రాఘన్న గుండెపోటుతో పోయాడు.

దినాలయ్యాక ఆయన భార్య, వదిన, ఆయన కంప్యూటర్ బడికి ఇచ్చేయమంది. నేనే వెళ్లి డిస్క్ మొత్తం తుడిచి, అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి అప్పగించి వచ్చాను.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున, పది గంటలప్పుడు, కొత్త వెర్షన్ పరీక్షిస్తున్నాను. జాబితాలో అడుగున రాఘన్న పేరు బూడిద రంగులో ఉండేది. తీసేయడానికి నాకు చేయి రాలేదు. చూస్తుండగానే ఆ పేరు, అవతల విండో తెరిచినప్పుడు మారినట్టే, పచ్చగా మారింది. పక్కన లైను వచ్చింది.

'రాఘన్న సెప్తాండాడు.'

ఆ మాట అవతలి నుంచి రాదు. నా కంప్యూటర్లో ఉంటేనే నా తెర మీదికి వస్తుంది. నేను తీసేసి ఆరు నెలలు దాటింది. కోడ్ అంతా వెతికాను, ఎక్కడా లేదు. ఫోనుతో ఫోటో తీసి, వదినకు ఫోన్ చేసి, ఆయన కంప్యూటర్ ఎవరైనా తెరిచారా అని అడిగాను.

"ఆ కంప్యూటరు ఈడ యాడుందప్పా? నువ్వే కదా అంతా తుడిచి బడికిచ్చినావు" అంది.

లైను ఇంకా అలాగే ఉంది. ఈసారి విండో మూయలేదు. 'సెప్పన్నా' అని టైప్ చేసి కూర్చున్నాను. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఏ మాటా రాలేదు. ఉన్నట్టుండి లైను ఆరిపోయి, పేరు మళ్లీ బూడిద రంగుకు తిరిగింది.

మర్నాడు బస్సెక్కి ఎమ్మిగనూరు బడికి పోయాను. అట్టపెట్టె బీరువా మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. తాడు విప్పలేదు. ముడి నేను వేసిందే.

ఫోటో చూసిన స్నేహితులు పాత కాపీ ఏదో మిగిలి ఉంటుందన్నారు. ఉంటే ఉండొచ్చు. మరి ఆ పేరు పచ్చగా ఎందుకు మారినట్టు? తర్వాతి వెర్షన్లో 'రాస్తున్నారు' తీసేసి ఆయన మాటే తిరిగి పెట్టేశాను. ఎవరూ నవ్వలేదు.

బడికి పోయిన రోజే, అటునుంచి వదిన దగ్గరికి వెళ్లి ఆమెకు ఫోటో చూపించాను. భయపడుతుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నాను. కొంగుతో ఫోను అద్దం తుడిచి చూసింది. ఇదెట్లా వచ్చిందని అడగలేదు.

"ఏమి సెప్పినాడప్పా?" అంది.

ఏమీ రాలేదు వదినా అన్నాను. ఆ సాయంత్రం ఆయన రాస్తుండగా విండో మూసింది నేనేనని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.