బోర్గిల్డ్ అత్త చెంచా

బోర్గిల్డ్ అత్తకు ఉన్న జబ్బు ఒక్కటే: ఎదుటివాళ్ళ ఆరోగ్యం. సెప్టెంబరులో చలి మొదలైన రోజు నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా, పొద్దున్నే ఏడూ పదికల్లా ఆవిడ ఒక చేత్తో చేప నూనె సీసా, ఇంకో చేత్తో వడ్డన చెంచా పట్టుకొని బయల్దేరుతుంది. ఉత్తర ధ్రువం వైపున్న వార్డో ఊళ్ళో, రేవు వీధిలో, ఏడు తలుపులు కొడుతుంది. తలుపు తీసినవాళ్ళు నోరు కూడా తెరవాలి. మింగాక మళ్ళీ తెరిచి చూపించాలి.

ఆ ఏడింటిలో మొదటి తలుపు టోర్మోడ్‌ది. చేసుకున్న పాపం ఏమిటంటే, ఆవిడ ఇంటి పై వాటా అద్దెకు తీసుకోవడం. చేపల ఫ్యాక్టరీలో శీతల యంత్రాలు బాగుచేసే మెకానిక్కు అతను. యంత్రం ఎంత మొండికేసినా లొంగదీస్తాడు. ఈవిడ దగ్గర మాత్రం అతని పాచికలు పారలేదు.

"అత్తా, నాకు నలభై ఆరేళ్ళు!"

"అందుకే పెద్ద చెంచా తెచ్చాను. తెరు."

"నిన్ననే కదా తాగాను!"

"నిన్న ఊపిరి పీల్చావని ఇవాళ మానేశావా? తెరు!"

తాగించి ఊరుకుంటుందా? తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తీస్తుంది. అందులో ఒకదాని మీద ఒకటి పేర్చిన పిజ్జా పెట్టెలు తప్ప ఏముంటాయి?

"పచ్చటిది ఒక్కటీ లేదేంరా?"

"పిజ్జా మీద ఉల్లిపాయ ఉంది."

"అది ఉల్లిపాయ కాదు, ఉల్లిపాయ దయ్యం."

మర్నాటికి తలుపు పిడికి రెండు కిలోల క్యారెట్ల సంచీ వేలాడుతూ ఉంటుంది. టోర్మోడ్ వాటిని తీసుకెళ్ళి ఫ్యాక్టరీ మేనేజరు గారమ్మాయి పెంచే కుందేళ్ళకు వేసేవాడు. ఆ శీతాకాలం కుందేళ్ళు దూడల్లా తయారయ్యాయి. టోర్మోడ్ మాత్రం అలాగే ఉన్నాడు.

ఇక అసలు బాధ ఆవిడ చూపు. ముప్ఫై నాలుగేళ్ళు రేవులో చేపలు తూచిన మనిషి. కన్ను చూసి ఏ చేపను ఎప్పుడు పట్టారో చెప్పేసేది. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు వదల్లేదు. గడ్డం పట్టుకొని మొహం దీపం వైపు తిప్పుతుంది.

"కళ్ళు లోపలికి పోయాయి. ఎన్నింటికి పడుకున్నావు?"

"నేను చేపను కాదత్తా!"

"చేపవైతే ఈపాటికి వెనక్కి పంపేసేదాన్ని."

తప్పించుకోవడానికి టోర్మోడ్ వేయని ఎత్తు లేదు. పళ్ళ డాక్టరు ఏమీ తాగొద్దన్నాడని చెప్పాడు. "ఏ డాక్టరు? ఆయన సెలవు మీద వెళ్ళి వారమైంది, ఆయన పూలకుండీలకు నీళ్ళు పోస్తున్నది నేనే" అంది. ఇంకోసారి కిటికీ దీపం ఆర్పేసి, పనికి వెళ్ళిపోయినట్టు నటిస్తూ నడవలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తలుపులో ఉత్తరాలు వేసే చీలిక మూత పైకి లేచింది. అందులోంచి నూనెతో నిండిన చెంచా మెల్లగా లోపలికి వచ్చింది.

"బూట్లు గుమ్మం బయటే వదిలి పనికి ఎలా వెళ్ళావురా? చెంచా ఒలుకుతోంది, నోరు ఇలా పెట్టు."

నలభై ఆరేళ్ళ మనిషి, తను అద్దె కట్టే ఇంట్లో, మోకాళ్ళ మీద కూర్చొని, ఉత్తరాల చీలిక దగ్గర నోరు తెరిచాడు. ఆ పూట తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి తిట్లకు దిగాడు. అదే పెద్ద వింత. ఎంత తిడితే ఆవిడ మొహం అంత విప్పారేది. "బాగుంది, బాగుంది" అంటూ మెట్లు దిగిపోయేది. వీధిలో తిట్ల విషయంలో ఇంగ్వాల్డ్ ముసలాయనదే పైచేయి. పీతల పడవ నడిపిన గొంతు అది, రేవు అవతలికి వినబడుతుంది. ఒకరోజు చెంచా లాక్కొని సముద్రంలోకి విసిరేశాడు. ఆవిడ కోటు జేబులోంచి ఇంకోటి తీసింది.

ఒక్కరోజు మాత్రం టోర్మోడ్ తిట్టలేదు. కిందటి ఏడు నవంబరులో, విడాకుల కాగితాలు చేతికొచ్చిన మర్నాడు. ఏమీ అనకుండా నోరు తెరిచాడు, మింగాడు, తలుపు వేసుకున్నాడు. అంతే, మధ్యాహ్నానికి ఆవిడ సూపు గిన్నెతో మళ్ళీ వచ్చేసింది. సాయంత్రం బంగాళదుంపల బుట్ట తెచ్చి ఎదురుగా కూర్చొని తొక్క తీయించింది. ఒక రోజు కాదు, తొమ్మిది రోజులు! నోరు మూసుకొని ఉంటే నెత్తికెక్కుతుందన్నమాట అనుకొని, పదోరోజు నుంచి తిట్లు రెట్టింపు చేశాడు. ఆవిడా రాకపోకలు మళ్ళీ ఒక పూటకు తగ్గించింది.

ఈ జనవరి మొదట్లో, రెండు నెలలుగా మొహం చూపని సూర్యుడు మళ్ళీ కనబడి, ఆ సంబరానికి కోట మీద ఫిరంగి పేలడానికి ఇంకా రెండు వారాలుందనగా, బోర్గిల్డ్ అత్త మంచు మీద జారి చీలమండ బెణికించుకుంది. టోర్మోడ్ లోపల్లోపల సంతోషించలేదని చెప్పలేం. పలకరిద్దామని కిందికి వెళితే, సీసా అతని చేతిలో పెట్టింది.

"ఇంకా ఆరు తలుపులున్నాయి. పద."

"నేనా? ఛస్తే వెళ్ళను!"

"సరే" అని ఆవిడ కుర్చీలోంచి దిగి, నేల మీద దేక్కుంటూ తలుపు వైపు బయల్దేరింది. రెండు గజాలు చూశాడు. మూడో గజంలో చెంచా లాక్కున్నాడు.

గంట తర్వాత చెవులు ఎర్రబడి తిరిగొచ్చాడు. కొంత చలికి, కొంత తిట్లకు.

"పంతులమ్మ యోర్డిస్ ఏమంది?"

"ఫ్యాక్టరీలో జీతం చాలక ఈ పనికి కుదిరావా అంది. ఇంకా చాలా అంది."

"బాగుంది. మిగతావాళ్ళు?"

"ఒకాయన తలుపు మొహాన వేశాడు. ఒకావిడ కుక్కను వదిలింది. ఇంగ్వాల్డ్ ఒక్కడే పెద్దమనిషి. మాట్లాడకుండా తాగి, 'చాలా థాంక్స్' అన్నాడు."

బోర్గిల్డ్ అత్త మొహంలో నవ్వు పోయింది.

"థాంక్స్ అన్నాడా? ఇంగ్వాల్డా?"

"అవును. పాపం, మర్యాదగా..."

"నా కోటు ఇవ్వు! పొయ్యి మీది సూపు గిన్నె దించు! మంచు మీద నడిపే తోపుడు జారుబండి బయటికి తియ్యి!"

"కాలు బెణికిందత్తా!"

"కాలేగా! నోరు బెణకలేదు. తియ్యరా!"

బండి మీద ఆవిడ, ఆవిడ ఒళ్ళో సూపు గిన్నె, వెనక మంచును తన్నుకుంటూ టోర్మోడ్. చీకట్లో, ఎదురుగాలిలో, ఎత్తు మీదికి. గిన్నె ఒలికినప్పుడల్లా తిట్లు అతనికే.

"నాలుగు తిట్లు తిట్టనందుకు ఇంత హడావుడా?" అన్నాడు రొప్పుతూ.

"ఒరేయ్, ఈ ఊళ్ళో తలుపు కొట్టి 'నీ మనసు ఎలా ఉంది?' అని అడిగితే ఎవడైనా చెబుతాడా?"

"తలుపే తీయడు."

"అదే చెంచా పట్టుకొని వెళితే తిట్టడానికైనా తీస్తాడు. తిట్టే ఓపిక ఉన్నవాడికి నేను భయపడను. నోరు మూసుకొని మింగేవాడికే భయపడతాను. తొయ్యి!"

టోర్మోడ్ తోశాడు. ఏడు తలుపులూ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఏడిళ్ళలోనూ ఒక్కొక్కరే ఉంటారు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తోచనందుకు సిగ్గనిపించింది. కాసేపటికి ఆ తొమ్మిది రోజుల బంగాళదుంపలు కూడా గుర్తొచ్చాయి.

ఇంగ్వాల్డ్ తలుపుకు గొళ్ళెం పెట్టి లేదు. ముసలాయన ఒంటి మీద కోటుతోనే కిటికీ దగ్గర కూర్చున్నాడు. పొయ్యి చల్లగా ఉంది. బల్ల మీద రొట్టె కోయకుండానే ఎండిపోయింది. శరదృతువులో అమ్మేసిన పడవను, కొన్న మనిషి పోయిన వారమే వేరే ఊరి రేవుకు తీసుకుపోయాడు. కిటికీలోంచి చూస్తే, రేవు దీపం వెలుగులో, పడవ కట్టే కొయ్య ఖాళీగా కనబడుతోంది.

"ఎప్పుడు తిన్నావు?" అంది బోర్గిల్డ్ అత్త.

"ఆకలి లేదు" అన్నాడాయన, చాలా మర్యాదగా.

ఆ మర్యాదకు ఇప్పుడు టోర్మోడ్‌కే భయం వేసింది. పరుగున పొయ్యి రాజేశాడు. అత్త ఒంటికాలి మీద నిలబడి సూపు వేడి చేసి, ముసలాయన కుర్చీని కిటికీ నుంచి బల్ల వైపు తిప్పించింది. ముగ్గురూ కూర్చున్నారు. ఆయన ఒక చెంచా తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. అయిదో చెంచా నోటి దగ్గర ఆగింది.

"బోర్గిల్డ్."

"ఊఁ?"

"ఇందులో ఉప్పేది?"

అత్త టోర్మోడ్ వైపు చూసింది. మాట్లాడొద్దని కళ్ళతోనే చెప్పింది.

"క్యారెట్టు ఉడకలేదు. చేప ఎక్కడుందో వల వేసి వెతకాలి. ముప్ఫై నాలుగేళ్ళు చేపల మధ్య బతికి నేర్చుకున్నది ఇదా? దీన్ని సూపంటారా, గిన్నె కడిగిన నీళ్ళంటారా?"

కిటికీ అద్దం అదిరింది.

"ఇంకో గరిటె వెయ్యరా ఆయనకు" అంది బోర్గిల్డ్ అత్త. కొంగేదీ లేదు కనుక స్వెట్టరు చేత్తో కళ్ళు తుడుచుకుంది. "రేపటి నుంచి పన్నెండింటికి మా ఇంటికి రా ఇంగ్వాల్డ్. ఎలా వండాలో నువ్వే చూపించు."

"చూపించక చస్తానా!" అన్నాడాయన.

ఇంటికొచ్చాక సీసాలో ఇంకా నూనె మిగిలింది. టోర్మోడ్ చెంచా నిండా పోశాడు.

"ఇక నీ వంతు. తెరు."

బోర్గిల్డ్ అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఛీ, అవతల పెట్టు! ఏడేళ్ళప్పుడు ముట్టడం మానేశాను. దాని వాసనకే నాకు వాంతొస్తుంది!"

టోర్మోడ్ చెంచాను సీసాలోకే వంచి, మూత బిగించాడు.

మర్నాడు ఏడూ పదయింది. తలుపు చప్పుడు లేదు. బెణికిన కాలితో ఆవిడ మెట్లెక్కలేదని తెలుసు, అయినా చెవి అటే ఉంది. ఏడూ పదిహేనుకు తనే దిగి వెళ్ళాడు. ఆవిడ కుర్చీలో చెంచా పట్టుకొని సిద్ధంగా ఉంది.

టోర్మోడ్ గుమ్మంలో నిలబడి మొదలెట్టాడు. నూనెను తిట్టాడు, చెంచాను తిట్టాడు, ఆవిడ తాగనిది ఊరందరికీ పోసే మోసాన్ని తిట్టాడు. జారుబండి తోసి విరిగిన నడుమును, సంచులు సంచుల క్యారెట్లను, ఉత్తరాల చీలికను ఏదీ వదలకుండా మూడు నిమిషాలు తిట్టాడు. ఇంత మనసు పెట్టి అతను జీవితంలో ఎవరినీ తిట్టి ఎరగడు.

బోర్గిల్డ్ అత్త కళ్ళు మూసుకొని చివరిదాకా విన్నది.

"బాగున్నావురా" అంది. "ఇక నోరు తెరు."