యాదగిరి బస్సుకు వేసిన తాళం

2008లో నేను దుండిగల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ని. గోదావరి జిల్లా నుంచి వచ్చినవాణ్ని. వైరింగులో నాకు తెలియనిది లేదని అప్పట్లో నా నమ్మకం. ఇప్పటికీ అదే.

మా డ్రైవర్ యాదగిరి తాగి మోటార్‌సైకిల్ నడుపుతూ దొరికాడు. లైసెన్స్ మూడు నెలలు సస్పెండయి తిరిగొస్తే, "ఇంకోసారి వాసనొస్తే ఉద్యోగం పోయినట్టే" అన్నారు మేనేజర్ గారు.

డ్రైవర్ ఊది, తాగలేదని తేలితేనే స్టార్టయ్యే ఇంటర్‌లాక్ బండ్లు విదేశాల్లో ఉన్నాయని విన్నాను. మనకెక్కడివి? అందుకే యాదగిరి బస్సు స్టార్టర్ వైరు మధ్యలో తాళంచెవితో తిరిగే కటాఫ్ స్విచ్ పెట్టి, చెవి నా జేబులో వేసుకున్నాను. యాదగిరి రోజూ బ్రెత్ అనలైజర్‌లో, అంటే శ్వాసలో మద్యాన్ని పట్టే మిషన్‌లో ఊదాలి. సున్నా వస్తేనే నేను స్విచ్ తిప్పుతాను. ఎనిమిది నెలలూ సున్నాయే.

ఆషాఢంలో ఒక ఆదివారం పరీక్షకు బస్సులు తీయాలి. అదే రోజు యాదగిరి వాళ్ళ బస్తీలో బోనాలు. యాదగిరి నుదుట పసుపుతో వచ్చి ఊదాడు. మిషన్ కూసింది.

"కుక్క తోక వంకరే" అన్నారు మేనేజర్ గారు.

"నేను తాగలే సార్. మా అవ్వ అమ్మవారి ముంగట కల్లు ధార కట్టి సాక వోసి, నా జేతిల గింత వోసింది. తీర్థమని నోట్లేసుకొని సీదా గీడికే వచ్చిన. ఇల్లు గా గోడ అవతల్నే."

యాదగిరి మీద నాకు ఒళ్ళు మండింది. కానీ నోట్లో మిగిలిన కల్లు తడి పావుగంటలో పోతుంది, నెత్తుట్లో కలిసింది పోదు. "పదిహేను నిమిషాలివ్వండి సార్. మళ్ళీ కూస్తే నన్నూ తీసేయండి" అన్నాను. యాదగిరి చేత నోరు పుక్కిలింపించి నా ఎదురుగా కూర్చోబెట్టాను. ముగ్గురం గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాం.

మళ్ళీ ఊదాడు. సున్నా. షెడ్డులో అందరి ముందూ స్విచ్ తిప్పాను, బస్సు స్టార్టయింది. నా సర్వీసులో ఏ ఇంజన్ స్టార్టయినా నాకంత గర్వం కలగలేదు. ఆనాటి నుంచి ఏ మీటరునూ ఒక్కసారికే నమ్మను, ఇంకోసారి పెట్టి చూస్తాను.

మరుసటి ఏడు బోనాలకు యాదగిరి తడి జుట్టుతో వచ్చాడు. "ఈసారి నెత్తిన జల్లుమన్న సార్ అవ్వను."

ఇక స్విచ్ తీసేస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"ఉండనీ సార్. గా దినం నేను తాగలేదని అందరి ముంగట చెప్పింది గీ స్విచ్చే."